మన పిల్లోణ్ణి మనమే అప్పగిద్దామా?

పోలీసు స్టేషన్లో, ఎస్సై బల్ల ముందు నిలబడి ఒక తండ్రి తన కొడుకుని చెంప మీద కొట్టాడు. ఒక దెబ్బ కాదు, ఎస్సై చాలు చాలన్నదాకా కొట్టాడు. కొట్టి, "వీడు నా కొడుకు కాదండి, మీరేం చేసుకుంటారో చేసుకోండి" అని దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. తల్లి మెట్ల దగ్గర కూలబడి ఏడుస్తోంది. పిల్లోడు మాత్రం ఏడవలేదు.

పెడనకి దగ్గర్లోనే ఒక పల్లె. ఊరి పేరు రాయడం లేదు. పిల్లోడి పేరు అసలే రాయం. కేసులో ఇరుక్కున్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో ఏవీ పత్రికల్లో వేయకూడదని చట్టం ఉంది. మంచి చట్టం. మొహానికి గుడ్డ కప్పిన ఫోటో వేసి, పక్కనే తండ్రి పేరూ వీధి పేరూ రాసే పత్రికలు చూస్తూనే ఉన్నాం. మనం మాత్రం ఆ పని చేయొద్దు.

పిల్లోడికి పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలాకి పోతున్నాడు. చెరువుల దగ్గర మోటార్ల రాగితీగ పోయింది. ముగ్గురు కుర్రాళ్ళ మీద అనుమానం వచ్చింది. ఇద్దరు దొరకలేదు, దొరికినవాడు మనోడు. తీగ తీశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు. తీశాడనే అనుకుందాం.

ఆ తండ్రిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ రాత్రే మన సంఘం కార్యకర్త ఆయన్ని టీకొట్టు దగ్గర కూచోబెట్టి అడిగాడు, "ఎందుకు కొట్టావు బాబాయ్?" అని. చాలాసేపు మాట్లాడలేదంట. టీ చల్లారిపోయాక అన్నాడంట: "నేను కొడితే వాళ్ళు కొట్టరేమో అనుకున్నాన్రా."

ఈ సంచికలో మనం మాట్లాడుకోవాల్సిందంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

మర్నాడు ఊళ్ళో వినపడింది వేరే మాట. చెరువు ఆసామి అన్నాడు, "వాళ్ళ పెంపకాలంతే." బడి దగ్గర అదే మాట, బస్టాండు దగ్గర అదే మాట. ఆఖరికి మన పేటలో పెద్దమ్మలు కూడా అదే అన్నారు. పెంపకం! కులం పేరెత్తకుండా కులాన్ని తిట్టడానికి ఇంతకంటే నున్నటి మాట లేదు. మోతుబరి కొడుకు తాగి మోటారు సైకిల్ తోలి ఎవరి కాలో విరగ్గొడితే అది వయసు దూకుడు. పెద్దమనుషులు కూచుంటారు, డబ్బు చేతులు మారుతుంది, పిల్లోడు హైదరాబాదులో కాలేజీకి పోతాడు. వాళ్ళ నాన్న పెంపకం గురించి ఎవరన్నా అడిగారా? మనోడు బారెడు తీగ తీస్తే మాత్రం తల్లి, తండ్రి, తాత, గూడెం మొత్తం బోనెక్కాలి.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా పుస్తకం వేస్తుంది. 2013 సంవత్సరంలో దేశం మొత్తం మీద పోలీసులు పట్టుకున్న పిల్లలు 43,506 మంది. వాళ్ళలో 35,244 మంది కన్నవాళ్ళ దగ్గరే ఉంటున్న పిల్లలు. అంటే నూటికి ఎనభై మందికి పైగా. దిక్కులేని పిల్లలే దొంగలవుతారని సినిమాల్లో చూపించే కథ నిజం కాదన్నమాట. పెద్దమనుషులు ఈ అంకె చూసి "చూశారా, తల్లిదండ్రుల దగ్గరుండే చెడిపోతున్నారు" అంటారు. అదే పుస్తకంలో ఇంకో అంకె కూడా ఉంది. ఆ పిల్లల్లో సగం మంది ఇళ్ళలో ఏడాది ఆదాయం పాతిక వేల లోపు. నెలకి రెండు వేల రూపాయలు! రెండు అంకెలూ కలిపి చదవాలి. పిల్లోడికి అమ్మా నాన్నా ఉన్నారు. కానీ వాళ్ళు ఇంట్లో ఏ వేళకి ఉంటున్నారు, ఎంత అలిసిపోయి ఉంటున్నారు, ఏ భయంతో ఉంటున్నారు? అంకెలు ఆ సంగతి చెప్పవు. మన పేటల్లో తిరిగే వాళ్ళకి తెలుసు.

ఈ పిల్లోడి ఇల్లే చూడండి. తల్లి తెల్లారగట్ల నాలుగింటికి లేస్తుంది. కూడు వండి మూత పెట్టి ఆటో ఎక్కుతుంది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోయి సాయంత్రం దాకా ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టుకుని నిలబడుతుంది. ఇంటికొచ్చేసరికి వేళ్ళు ముడుచుకోవు. తండ్రి ఒకప్పుడు ఊడ్పులకీ కోతలకీ నూర్పిళ్ళకీ పోయేవాడు. ఇప్పుడు కోత మిషనుది. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు ఎంత దూరం చూసినా వరిచేలు చెరువులైపోయాయి. పది ఎకరాల వరి ఊడ్చడానికి ఎంతమంది ఆడవాళ్ళు కావాలి? పది ఎకరాల చెరువుకి ఇద్దరు కాపలావాళ్ళు చాలు. ఆ ఇద్దరిలో ఒకడు పదిహేనేళ్ళ పిల్లోడైతే ఇంకా చవక. తల్లి లేచే వేళకి కొడుకు చెరువు మీద ఉంటాడు. కొడుకు ఇంటికొచ్చే వేళకి తల్లి ఆటోలో ఉంటుంది. వారం రోజులు ఒకే ఇంట్లో ఉండి ఒకరి మొహం ఒకరు చూడని తల్లీ కొడుకులున్నారు మన పల్లెల్లో. ఆ పిల్లోడు రాత్రంతా ఎవరితో మాట్లాడతాడు? పక్క చెరువు మీద కాపలా ఉండే పాతికేళ్ళవాడితో. వాడి దగ్గర సెల్ ఫోన్ ఉంటుంది, సీసా ఉంటుంది, ఈ మధ్య గంజాయి కూడా ఉంటోంది. తీగ ఎక్కడ అమ్మాలో కూడా వాడికే తెలుసు.

పెడన పట్టణంలో మగ్గం ఉన్న ఇళ్ళు చూస్తాం. కలంకారీ అద్దకం పనివాళ్ళ ఇళ్ళు చూస్తాం. అక్కడ ఆకలి లేదని కాదు, నేతన్నల కష్టం మనకి తెలియంది కాదు. కానీ మగ్గం గుంటలో తండ్రి కూచుంటే పక్కన పిల్లోడు కండె చుడతాడు, ఇద్దరూ ఒకే చూరు కింద ఉంటారు. మన బతుకులో ఆ ఒక్క చూరు కూడా లేదు.

పాతకాలం బాగుండేదని అనుకోవద్దు. మన తాతల కాలంలో అప్పు తీరే దాకా పిల్లోణ్ణి ఆసామి ఇంట్లో పాలేరుగా పెట్టేవాళ్ళు. ఎనిమిదేళ్ళవాడు గొడ్లకాడ పడుకునేవాడు. తండ్రి ఎదురుగానే ఆసామి వాణ్ణి కొట్టేవాడు, తండ్రి తల వంచుకుని నిలబడేవాడు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. అంటే మన ఇళ్ళల్లో అయ్యకీ కొడుక్కీ మధ్య మొదటి చీలిక తెచ్చింది కొడుకు చెడుతనం కాదు, ఆసామి పశువుల కొట్టం.

సర్కారు కూడా తక్కువ తినలేదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని కులాలకి పుట్టుకతోనే దొంగబుద్ధి ఉంటుందని రాసుకున్నారు. 1897లో దానికి ఒక సవరణ చేశారు: ఆ కులాల పిల్లల్ని, నాలుగేళ్ళ పసివాళ్ళని కూడా, తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే చోట పెట్టొచ్చని. కారణం? తల్లిదండ్రుల దగ్గరుంటే చెడిపోతారట! అదే మాట, పెంపకం. 1911లో కొత్త చట్టం వచ్చాక అది మన మద్రాసు రాష్ట్రానికీ పాకింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిందే. ఎరుకల అన్నదమ్ముల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికప్పగించి, హాజరు వేయించుకుంటూ ఒక సెటిల్‌మెంటులో ఉంచారు. 1952లో ఆ చట్టం పోయింది. ఊరి పేరు మీద వేసిన మచ్చ పోలేదు. స్టువర్టుపురం అంటే ఇప్పటికీ సినిమావాళ్ళకి దొంగల కథే.

అదే ఊరికి 1970ల్లో ఒకామె వెళ్ళింది, హేమలతా లవణం. మన మహాకవి జాషువా కూతురు, విజయవాడ నాస్తిక కేంద్రం గోరాగారి కోడలు. భర్త లవణంగారితో కలిసి నేరస్థులని ముద్రపడ్డవాళ్ళ ఇళ్ళలో కూచుంది, వాళ్ళ భార్యలతో, పిల్లలతో మాట్లాడింది. పోలీసు వందేళ్ళలో చేయని పని ఆమె మొదలుపెట్టింది. తండ్రినీ బిడ్డనీ విడదీస్తే సంస్కరణ వస్తుందని తెల్లదొర అనుకుంటే, ఆమె ఇంటి లోపలికి పోయి ఆ కుటుంబం మొత్తంతో పని చేసింది. జాషువా పద్యాలు మన సభల్లో పాడుకుంటాం. ఆయన కూతురు చేసిన పని గురించి మన సభల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం?

ఇక బాబాసాహెబ్ సంగతి. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ కథ ఎవరూ చెప్పరు. చెబితే ఆయన గౌరవం తగ్గుతుందనుకుంటారు కాబోలు. పసితనంలోనే ఆయన తల్లి భీమాబాయి చనిపోయింది. సతారాలో మేనత్త పెంచింది. తండ్రి రాంజీ రెండో పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ నగలు సవతి తల్లి ఒంటి మీద చూసి పిల్లోడు రగిలిపోయాడు. ఈ ఇంట్లో తినను, బొంబాయి పోయి మిల్లులో పనిచేసుకుంటా అనుకున్నాడు. రైలు ఖర్చులకి డబ్బుల్లేవు. మేనత్త నడుముకి కట్టుకునే డబ్బుల సంచి మీద కన్ను పడింది. రాత్రిపూట పక్కలో పడుకుని మూడు రాత్రులు ప్రయత్నించాడు, కుదరలేదు. నాలుగో రాత్రి సంచి చేతికొచ్చింది. విప్పి చూస్తే అర్ధణా! ఆ అర్ధణాతో బొంబాయి పోలేడు. సిగ్గుపడ్డాడు, చదువుకుని నా కాళ్ళ మీద నేను నిలబడతాననుకున్నాడు.

ఆ రాత్రి ఆ సంచిలో పది రూపాయలుంటే? మేనత్త లేచి కేకలేసి, పదిమంది పోగై, ఠాణాకి ఈడ్చుకుపోయి ఉంటే? "మహర్ పిల్లోడు, దొంగబుద్ధి" అని రాసి ఉంటే? రాజ్యాంగం రాసిన చెయ్యి బొంబాయి మిల్లులో దూది ఎత్తుతూ ఉండేది.

ఈ కథలో రెండో సగం ఇంకా ముఖ్యం. ఆ పిల్లోడి కోపానికి కారణమైన తండ్రే తర్వాత ఏం చేశాడు? బొంబాయిలో పరేలు చాళ్ళో ఒకే ఒక గది. అందులో మనుషులు, పొయ్యి, సామాను అన్నీ. పిల్లోడు చదువుకోవడానికి చోటు లేదు. రాంజీ తను మేలుకుని, రాత్రి రెండింటికి కొడుకుని లేపి చదువుకి కూచోబెట్టి, ఆ చోటులో తను పడుకునేవాడు. కొడుకు పుస్తకం కావాలంటే పెళ్ళయిన కూతుళ్ళ ఇంటికి పరిగెత్తి, వాళ్ళ నగ అడిగి తెచ్చి, కుదువపెట్టి కొనిచ్చేవాడు. పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. ఆ తండ్రి తప్పులు చేయని తండ్రి కాదు. కొడుక్కి ఆయన మీద కోపం రాకుండా పోలేదు. కానీ రాత్రి రెండింటికి మేలుకుని ఉన్నాడు. మన ఇళ్ళల్లో పిల్లలకి కావాల్సింది ఆదర్శ తండ్రులు కాదు, ఇట్లా మేలుకునే తండ్రులు.

ఇప్పుడు మన లోపలి సంగతి. దీన్ని దాటేస్తే ఈ పత్రిక చదవడం దండగ.

ఆసామి ముందు నోరెత్తలేని మగాడు ఇంటికొచ్చి పెళ్ళాం మీద, పిల్లల మీద నోరెత్తుతున్నాడు. పొలంలో పడ్డ తిట్టు గుడిసెలో తీరుతోంది. దీనికి కులవ్యవస్థ కారణం అంటాం, నిజమే. కానీ పిల్లోడి వీపుకి కులవ్యవస్థ కనపడదు, నాన్న చెయ్యే కనపడుతుంది. తాగి కొట్టే తండ్రి దగ్గర పిల్లోడు నేర్చుకునేది ఒకటే: బలమున్నవాడు బలం లేనివాణ్ణి కొట్టొచ్చు. ఆ పాఠమే రేపు వీధిలో చూపిస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచింది దేనికి? సర్కారు ఆదాయం తగ్గించాలని కాదు, కూలి డబ్బు ఇంటికి రావాలని, మొగుడు మనిషిలా ఇంటికి రావాలని. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సర్కారే దాన్ని సడలించేసింది. సర్కారు చేతులెత్తేసింది సరే. మన సంఘంలో తాగి పిల్లల్ని కొట్టే కార్యకర్త లేడా? ఉన్నాడు. మీటింగులో జైభీమ్ గట్టిగా అనేది కూడా అతనే. అతని పేరు మనందరికీ తెలుసు, ఎవరం అడగం.

కొట్టే వాళ్ళందరూ తాగుబోతులు కాదు. భయంతో కొట్టేవాళ్ళే ఎక్కువ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగిందో ఈ డెల్టాలో ప్రతి దళిత తండ్రికీ తెలుసు. సినిమా హాల్లో ఒక మనోడి కాలు అగ్రకులపోడికి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఎనిమిది మంది ప్రాణాలు తీసి, శవాల్ని కాలువల పాలు చేసింది. అంతకుముందు 1985లో కారంచేడు. కాబట్టి మన తండ్రి కొడుకుని కొట్టేటప్పుడు తీగ కోసం కొట్టడం లేదు. "తల ఎత్తకురా, ఎత్తితే చంపుతారు" అని కొడుతున్నాడు. పిల్లోడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? వాడికి కనపడేది ఒక్కటే, ఊరంతా తనని తిడుతున్నప్పుడు నాన్న కూడా ఆ గుంపులోనే ఉన్నాడని. స్టేషన్లో ఆ పిల్లోడు ఏడవకపోవడానికి కారణం అదే. పోలీసు కొడితే ఏడ్చేవాడేమో.

ఇప్పుడు అసలు పని మాట. స్టేషన్లో తల్లీ తండ్రీ నిలబడటానికి మనసు ఒక్కటే కారణం కాదు, చట్టం కూడా వాళ్ళ మీదే నిలబడి ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, దాని కింద 2016లో వచ్చిన రూల్స్ మన సంఘం కార్యకర్తలు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లోణ్ణి లాకప్పులో పెట్టకూడదు, జైలుకి పంపకూడదు. బేడీలు వేయకూడదు. కొట్టి ఒప్పించకూడదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టించకూడదు. పట్టుకున్న ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణం కాలం పోను, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి. పట్టుకున్న వెంటనే అమ్మానాన్నలకి కబురు చేయాలి. పిల్లోణ్ణి ప్రశ్నలడిగేటప్పుడు వాళ్ళు పక్కన కూచోవచ్చు. మూడేళ్ళ లోపు శిక్ష ఉండే మామూలు దొంగతనం లాంటి చిన్న కేసులో, పెద్దవాళ్ళెవరూ కలిసి లేకపోతే, అసలు ఎఫ్.ఐ.ఆర్. కట్టకూడదు, డైరీలో రాసి బోర్డుకి పంపాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. స్టేషన్లో ఎవరు గుర్తు చేస్తారు? పక్కన తండ్రి నిలబడి అడిగితేనే అవి అమలవుతాయి. దణ్ణం పెట్టి బయటికొచ్చిన తండ్రి కొడుకుని ఒక్కణ్ణే కాదు, ఈ హక్కులన్నిటినీ లోపల వదిలేసి వచ్చాడు.

మొట్టమొదట వయసు కాగితం. పదిహేడేళ్ళవాణ్ణి పంతొమ్మిది అని రాస్తే ఈ చట్టమే వాడికి దక్కదు. బడి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేక మునిసిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ కాగితం. ట్రంకు పెట్టెలో అడుగున ఎక్కడో ఉంటుంది. ఈ రోజే తీసి పైన పెట్టుకోండి.

ఆ తర్వాత ప్రొబేషన్ అధికారి విచారణ. రెండు వారాల్లో ఆయన రిపోర్టు రాయాలి. ఆ ఫారంలో తండ్రికీ పిల్లోడికీ మధ్య ఎట్లా ఉంది, తల్లికీ పిల్లోడికీ మధ్య ఎట్లా ఉంది అని గడులున్నాయి. సఖ్యతగా ఉన్నారా, లేదా? చూశారా, మన ఇంటి లోపలి సంగతి ఒక టిక్కు అయిపోతుంది. ఆయన ఇంటికొచ్చి అడిగినప్పుడు మనవాళ్ళు సిగ్గుతోనో కోపంతోనో ఏమంటారు? "మా మాట వినడండీ. నాలుగు రోజులు మీ దగ్గరే ఉంచండి, బుద్ధొస్తుంది." అది మనకి నోటి మాట. ఆయన కాగితంలో అది రాత. బోర్డు బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. ఇంటికి పంపితే చెడ్డవాళ్ళ చేతుల్లో పడతాడనో, ప్రమాదమనో అనిపిస్తేనే కాదంటారు. కన్నతండ్రే వద్దంటే వాళ్ళకి ఇంకేం కావాలి? నాలుగు రోజులు అనుకున్నది నెలలవుతుంది. హోంలో వాడికి దొరికేది బుద్ధి కాదు, వాడికంటే పెద్ద కేసుల్లో వచ్చిన పిల్లల సావాసం. అబద్ధం చెప్పమనడం లేదు. "పనులకి పోయి చూసుకోలేకపోయాం, ఇక మీదట రాత్రి కాపలాకి పంపం, బడికి పంపుతాం, మాకివ్వండి" అని చెప్పొచ్చు. అది నిజం కూడా. వకీలు ఖర్చు భయం వద్దు. ఎస్సీలకీ, పిల్లలకీ న్యాయ సేవా సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది, ఫోను 15100.

ఈ కేసుతో జీవితం అయిపోయిందనే భయం కూడా వద్దు. పెద్దవాడిగా విచారించిన పెద్ద నేరాలు తప్పిస్తే, పిల్లోడి మీద పడ్డ కేసు రేపు ఉద్యోగానికి అడ్డం కాకూడదని అదే చట్టం చెబుతోంది.

ఇంకో రకం కేసు ఉంది. దీని గురించి మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు. మనోడు వేరే కులం అమ్మాయిని ఇష్టపడతాడు. ఆమెకి పదహారో పదిహేడో. ఇద్దరూ బస్సెక్కుతారు. ఆమె తండ్రి కిడ్నాప్ కేసు పెడతాడు, 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద కూడా కేసు పడుతుంది. అమ్మాయి ఇష్టపడే వెళ్ళానన్నా, పద్దెనిమిది నిండకపోతే ఆ ఇష్టం చట్టం ముందు చెల్లదు. 2019 సవరణ తర్వాత అందులో కనీస శిక్షలు ఇంకా పెరిగాయి. కనీసం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే కేసైతే, పదహారు నిండిన పిల్లోణ్ణి పెద్దవాడిలా విచారించాలా వద్దా అని బోర్డు చూస్తుంది. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత తెచ్చిన నిబంధన ఇది. ఆడపిల్లల రక్షణ కోసం చేసిన చట్టం అవసరమే, మన ఆడపిల్లలకి మరీ అవసరం. కానీ కులం దాటిన ప్రేమ మీద అదే కత్తిగా దిగుతోంది. ఈ సంగతి పిల్లోడికి ముందే ఎవరు చెప్పాలి? తండ్రే చెప్పాలి. ఆడపిల్లకి తల్లి చెప్పాలి. "ఛీ, అయ్యా కొడుకులం అలాంటివి ఎట్లా మాట్లాడుకుంటాం" అంటే, స్టేషన్లో ఎస్సై మాట్లాడతాడు.

మన సంఘాలు చేయాల్సింది కూడా ఉంది. ప్రతి పేటలో అంబేద్కర్ భవనమో, సంఘం గదో ఉంది. ఏప్రిల్ 14న తాళం తీస్తాం, డిసెంబరు 6న తీస్తాం. మిగతా రోజులు తాళమే. అమ్మానాన్నలు పనినుంచి వచ్చేదాకా, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ గది తెరిచి, ఒక దీపం పెట్టి, చదువుకున్న కుర్రాడో అమ్మాయో ఒకరు కూచుంటే ఎంత ఖర్చవుతుంది? పిల్లలకి పాఠాలు చెప్పకపోయినా ఫరవాలేదు. ఫలానావాడు నాలుగు రోజుల్నుంచి రావడం లేదేమని అడిగే మనిషి ఒకరు ఉండాలి. పిల్లల్ని రాత్రి కాపలాకి పెట్టుకునే ఆసామిని అడగాల్సింది కూడా సంఘమే. ఒంటరి తండ్రి అడగలేడు, అప్పు ఉంటుంది. పదిమంది పోయి అడిగితే వేరు.

మొదట చెప్పిన పిల్లోడి దగ్గరికి వద్దాం. ఆ రాత్రి టీకొట్టు నుంచి మన కార్యకర్త ఆ తండ్రిని ఇంటికి తీసుకుపోయాడు. ట్రంకు పెట్టె వెతికితే ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ దొరికింది. తెల్లారి తల్లి ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కి పోయింది. అక్కణ్ణుంచి పిల్లోడితో పాటు బోర్డు దాకా వెళ్ళింది. ఆ రోజు ఆమెకి కూలి పోయింది, మర్నాడు షెడ్డు వాళ్ళు పనిలోకి రావద్దన్నారు. పిల్లోణ్ణి ఆమె చేతికే అప్పగించారు. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తండ్రి చేపల కూర తెచ్చి కంచంలో పెట్టి, తను పక్కన కూచున్నాడంట. ఏమీ అనలేదంట.

వాయిదా వచ్చే నెలలో ఉంది. ఈసారి తండ్రి వెళ్తానన్నాడు. ఆ రోజు ఆయనకి పోయే కూలి సంఘం ఇస్తుంది, చందా పుస్తకం రాజుపేట వైపు తిరిగే కార్యకర్త దగ్గర ఉంది. పండక్కి కొన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి ఉంచమని భార్యకి ఇప్పుడే చెప్పి పెట్టాడు.